కొల్లేటికోట గట్టు మీద చూసిన పాట

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళు మంట. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. రాస్తుంటే ఇప్పుడూ చిరాగ్గానే ఉంది.

ఫోన్లలో టీవీ కొత్తగా వచ్చిన రోజులు. త్రీజీ ఇంకా మా వైపు రాలేదు. చేపల మేత కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం నాది. ఇల్లు ఏలూరు, తిరుగుడంతా ఆకివీడు, కొల్లేరు చెరువుల గట్ల మీద. బస్సుల్లో పొద్దుపోవడానికి ఫోన్లో టీవీ ప్యాక్ వేయించుకున్నాను. రెండు ముక్కలు వినపడేవి, ఆ తర్వాత తెర మీద చక్రం తిరగడమే. వార్తలు చదివే ఆవిడ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా తాడేపల్లిగూడెంలో ఎక్కిన బస్సు పెంటపాడు దాటిపోయేది.

ఆ డిసెంబరులో మా పాప గ్రేసీ చర్చి క్రిస్మస్ కార్యక్రమంలో ఒక్కతే పాట పాడాలి. నాలుగో తరగతి అప్పుడు. టీవీ వాళ్ళు లైవ్ ఇస్తున్నారు. ముందు వరసలో కూర్చుంటానని మాటిచ్చాను. సరిగ్గా ఆ పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోను. కొల్లేటికోటలో రాంబాబు గారి చెరువులో చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయట, మన మేత వల్లేనని ఆయన గొడవట, వెంటనే వెళ్ళాలట.

"ఫోన్లో చూస్తావా డాడీ?" అంది పాప గుమ్మం దగ్గర. చూస్తానన్నాను.

తీరా వెళితే తప్పు మేతది కాదు. ముసురు పట్టి ఎండ లేదు, చేపలు సరిగ్గా తినడం లేదు. అయినా చిల్లుల మేత సంచులు రోజూ కట్టినన్నీ చెరువులో పాతిన కర్రలకి వేలాడదీశారు. మిగిలిన మేత కుళ్ళి నీళ్ళు పాడయ్యాయి. ఆయనకి నచ్చజెప్పి సంచులు తీయించేసరికి పాట వేళయింది.

గట్టు మీద సిగ్నల్ లేదు. తూము దిమ్మ ఎక్కి ఫోను పైకెత్తాను. చక్రం. ఆపి మళ్ళీ పెట్టాను. చక్రం. ఏడుపొచ్చినంత పనైంది.

"ఏవండీ, ఆ ఫోను చెరువులో పడేయండి, చేపలన్నా చూస్తాయి," అన్నారు రాంబాబు గారు.

అప్పుడు బొమ్మ వచ్చింది, ఎప్పుడూ రానంత శుభ్రంగా. పసుపు గౌనులో గ్రేసీ పాడుతోంది. వెనక స్టేజీ లేదు, స్టార్లు లేవు. ప్లాస్టిక్ కుర్చీల దొంతర, మంచినీళ్ళ టిన్నులు. టీవీ వాళ్ళకి ఇంతకన్నా చోటు దొరకలేదా అని విసుక్కున్నాను. రెండో చరణంలో మాట మర్చిపోయి, గౌను అంచు నలుపుకుంటూ ఆగి, మళ్ళీ అందుకుంది. సంతోషం పట్టలేక ఫోను రాంబాబు గారి ముందు పెట్టాను.

"చక్రం ఇంకా తిరుగుతానే ఉందండీ," అన్నారాయన. ఆయనకి చూపు ఆనలేదేమో అనుకున్నాను.

ఇల్లు చేరేసరికి పాప మంచం మీద బోర్లాపడి ఏడుస్తోంది. పెద్దల ప్రసంగాలు సాగి సాగి లైవ్ టైము అయిపోయిందట. పిల్లల్ని స్టేజీ ఎక్కించనే లేదట. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

"నేను చూశాను కదా," అన్నాను. వెనక కుర్చీల దొంతర, నీళ్ళ టిన్నులు కనపడ్డాయని చెప్పాను. పిల్లని ఊరుకోబెట్టడానికి అబద్ధాలు చెప్పకండని మా ఆవిడ కసిరింది.

పాప లేచి కూర్చుంది. ఆ ప్రసంగాలు జరుగుతుండగా, ఇక తనని పిలవరని తెలిసి, స్టేజీ వెనక గదిలో తలుపేసుకుని ఒక్కతే పాడిందట. డాడీ చూస్తానన్నాడు కదా అని. అక్కడ కెమెరా లేదు, మనిషి లేడు.

తర్వాత ఫోను కంపెనీ వాళ్ళని అడిగాను. ఆ గట్టు మీద సిగ్నల్ అందే అవకాశమే లేదన్నారు. మళ్ళీ ఎన్నిసార్లు ఆ తూము ఎక్కినా చక్రమే. ఎలా చూశానో ఈ రోజుకీ నాకు అంతుపట్టదు. అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు పాప మాత్రం ఎలా చూశావని అడగలేదు. కళ్ళు తుడుచుకుని, సిగ్గుపడుతూ, "మధ్యలో మర్చిపోయాను, అదీ చూశావా డాడీ?" అంది.

పాట మధ్యలో ఆగిన సంగతి నేను అప్పటికి ఎవరికీ చెప్పలేదు.