వరస తెలియని కోపం

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో అరుపులు వినబడకపోతే పక్కింటివాళ్లు వచ్చి, అందరూ బాగున్నారా అని అడిగేవారు. అరిచేది మా నాన్న, మా మేనమామ. నాన్నకు వాగు పక్కన పొలం ఉండేది. అమ్మకు తమ్ముడైన మామ, ఆ వాగుకు పైవైపున్న మందుల కంపెనీలో షిఫ్టులు చేసేవాడు. ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో భార్యాపిల్లలతో ఉంటూ, సెలవు దొరికితే సైకిలెక్కి లక్డారం వైపున్న మా ఊరికి వచ్చేవాడు. కంపెనీ నీళ్లకు వాగు నురగలు కక్కుతుంటే వాళ్లిద్దరికీ పోట్లాడుకోవడానికి వేరే విషయం కావాలా?

"మీ కంపెనోడు నా బర్రెను సంపిండు. రేపు నన్ను గూడ సంపుతడు. నువ్వు గేటుకాడ నిలవడి సలాం కొట్టు" అనేవాడు నాన్న.

"మా అక్కను ఇచ్చిన దినం సంది సూస్తున్న, ఎవుసంల నువ్వేం ఎలగబెట్టినవ్ బావా? మీ వాగు సస్తే సావనీ. నా పిల్లలు బతకాలె" అనేవాడు మామ.

అమ్మ అన్నం పెట్టేదాకా ఇదే తంతు. కంచాల ముందు కూర్చున్నాక నాన్నే తన కంచంలోని ముక్క తీసి మామ కంచంలో వేసేవాడు. "తిను. బక్కగుంటే గేటుకాడ గూడ నిలవనియ్యరు" అనేవాడు.

మా దగ్గర బావాబామ్మర్దుల మధ్య ఎంత మాటైనా చెల్లుతుంది. అన్నదమ్ములు అనుకుంటే తలలు పగిలే మాటను బామ్మర్ది అంటే నవ్వుతారు. ఆ వరసకు ఆ హక్కు ఉంది. వినేవాళ్లకు అది తెలుసు కాబట్టి ఆ మాటలో ఎంత పట్టించుకోవాలో, ఎంత వదిలేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా మామ వెళ్లేటప్పుడు సైకిల్ స్టాండు తీస్తూ, గొంతు తగ్గించి, "రేపు వాగు నీళ్లు పెట్టకు బావా" అని చెప్పిపోయేవాడు. కంపెనీ మురికినీళ్ల ట్యాంకులను వాగులోకి ఎప్పుడు వదులుతుందో అతనికి తెలుసు. ఆ ముక్క బయటపడితే నౌకరీ ఊడుతుందనీ తెలుసు. మా పొలంలో నాలుగు గింజలు పండాయంటే అతని చలవే.

రెండు వేల సంవత్సరం దాటాక పటాన్‌చెరులో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. సంగారెడ్డిలో డిగ్రీ చదువుతున్న మా అన్నకు అక్కడ కూర్చోవడం అలవాటైంది. మా ప్రాంతం వాళ్లు, ఇక్కణ్నుంచి వెళ్లి ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు కలిసి నెట్‌లో చర్చించుకునే గ్రూపు ఒకటి ఉండేది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్లు. అన్న వాగు గురించి రాశాడు. బాగానే రాశాడు. ముక్కూమొహం తెలియనివాళ్లు మెచ్చుకుంటుంటే మనిషి నేల మీద నిలవలేదు.

ఒకరోజు ఎవరో అడిగారు, మీ వైపు కంపెనీ పనికి పోయేవాళ్లు ఏమంటున్నారని. మా వైపు కార్మికుడొకాయన 'వాగు సస్తే సావనీ, నా పిల్లలు బతకాలె' అంటున్నాడని అన్న రాశాడు. పేరు రాయలేదు. నీళ్లు పెట్టకని హెచ్చరించే సంగతీ రాయలేదు. అది రాస్తే మామ నౌకరీ పోతుందని జాగ్రత్తపడ్డాడట. ఆ మాట నాతో అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. మనిషిలోని మంచి సగాన్ని దాచిపెట్టి, మిగతా సగాన్ని బజార్లో పడేయడం ఏం జాగ్రత్త?

ఇక చూడండి, తిట్లు వానలా కురిశాయి. అమ్ముడుపోయినవాడన్నారు, ఊరి ద్రోహి అన్నారు. మా ఊరి కుర్రాళ్లు కూడా ఆ గ్రూపు చదివేవారు. ఆ మాట ఎవరిదో పోల్చుకోవడానికి వాళ్లకు ఎంతసేపు? ఇస్నాపూర్ చాయ్ హోటల్లో పదిమంది ముందు మామను నిలబెట్టి అడిగారు. మామ నేరుగా మా ఇంటికి వచ్చాడు.

"నీ పేరు రాయలే మామా" అన్నాడు అన్న, తల దించుకొని.

"నేనన్నది రాసినవ్. మీ నాయన నన్నేమన్నడో రాసినవా? ఇద్దరం ఒక్కతాన కూసొని తిన్నమని రాసినవా?" అన్నాడు మామ. అరవలేదు. అమ్మ మంచినీళ్లు తెస్తే తాగకుండానే వెళ్లిపోయాడు. అమ్మ ఆ చెంబు పట్టుకుని గుమ్మంలో ఏడ్చింది.

మర్నాడు నాన్న అన్నను, నన్ను వెంటబెట్టుకుని ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చాడు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని తెర ముందు కూర్చున్నాడు. "వీళ్లు ఏ ఊరోళ్లు? పిలువు, ఎదురుంగ మాట్లాడుత" అన్నాడు. పిలవడం కుదరదని, రాయాలని అన్న చెప్పాడు.

"అయితే రాయి. ఆయన నా బామ్మర్ది. నన్ను గంత మాట అనేటందుకు ఆయనకు హక్కున్నది. మీకు లేదు. ఆయన నాకు జేసిన మేలు..." అని ఆగిపోయాడు. ఆ మేలు ఏమిటో చెప్పలేడు కదా. "గంతే రాయి" అన్నాడు.

కాసేపటికే జవాబు వచ్చింది. ఈ రైతుకు కూడా కంపెనీ నుంచి బాగానే ముట్టినట్టుందని ఒకడు రాశాడు. అన్న చదివి వినిపించాడు.

"గీనికి నేను ఎర్కనా?" అడిగాడు నాన్న.

"ఎర్కలేదు."

"మరి గింత కోపమేంది?"

ఆ రాసినవాడు చెడ్డవాడు కాకపోవచ్చు. వాగు మీద ప్రేమతోనే రాసి ఉంటాడు. కానీ అతనికి మా నాన్న ఏ వరసా కాడు, రేపు ఎదురుపడే మనిషీ కాడు.

మామ రావడం మానేశాడు. ఎప్పుడు నీళ్లు పెట్టకూడదో చెప్పేవాళ్లు లేక ఆ యాసంగి పంటలో సగం మడి మాడిపోయింది. చివరికి అమ్మే ఇస్నాపూర్ వెళ్లి, తమ్ముడి చేయి పట్టుకుని తీసుకొచ్చింది. నాన్న మొహం వెలిగిపోయింది. కంచాలు పెట్టకముందే మొదలుపెట్టాడు.

"ఏందిరా, మీ కంపెనోడు ఇంకో పైపు ఏసిండంట? వాగును మొత్తం మింగుతడా?"

"తప్పే బావా" అన్నాడు మామ.

నాన్న తడబడ్డాడు. మామ పక్షం తీసుకుని, తన నోట ఎన్నడూ రాని మాట అన్నాడు. "అయినా పోరగాండ్లకు పని దొరుకుతది గదా. వాగుదేమున్నది, సస్తే సావనీ."

"గదీ నిజమే బావా."

నాన్న ముందుకు వంగి మామ మోకాలు పట్టుకున్నాడు. "జెర కాదనురా" అన్నాడు. "ఒక్కసారి కాదను."

మామ అమ్మను చూశాడు, నన్ను చూశాడు, వాకిట్లో నిలబడ్డ అన్నను చూశాడు.

"నువ్వెట్లంటే గట్లనే బావా" అన్నాడు.