మా అన్న ఒంటి మీది బురద

డిపార్ట్‌మెంట్ సంతాప సభలో మీరు ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని, మా కింది వాటా సార్ రిటైరయ్యాక బొమ్మలతో ఆడుకుంటూ హాయిగా గడిపారని చెప్పారు. ఆయన ఆడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. వేలెడంత సైనికుల బొమ్మలకు రంగులు వేసేవారు. ఒక్కో చొక్కాకు రోజులు పట్టేవి, ఆ రోజులన్నీ నన్ను విసిగించేవారు. పోయిన నెల ఒక ఉదయం ఆ బల్ల ముందు కుర్చీలోనే పోయారు. నల్లకుంట నుంచి టిఫిన్ తెచ్చిన వాళ్లమ్మాయి పైకి పరుగెత్తుకొస్తే దిగి చూశాను. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఉన్నారు, ఎవరో పిలిస్తే తలెత్తబోతున్నట్టు.

మన క్యాంపస్‌లో ఆయన చరిత్ర చెప్పారు, నేను భూగోళం చెప్పాను. కాబట్టి ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఒకరి సబ్జెక్టు మీద ఒకరికి గౌరవం లేదు. తార్నాకలో ఒకే ఇంట్లో కింది వాటా, పై వాటా అయ్యాక పరిస్థితి కాస్త మెరుగుపడింది. ఒకరోజు ఒక సిపాయిని అరచేతిలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

"మేడమ్, జర చూడుండ్రి. వానకాలం ఏటి గట్టున బురద గిట్లనే ఉంటదా?"

"ఇది బురద కాదు సార్, చాక్లెట్. ఈయన యుద్ధానికి పోయిండా, బేకరీకి పోయిండా?"

ఆ రోజు నుంచి మట్టి శాఖ నాదైంది. క్యాంపస్‌లోని ఎర్ర మొరం ఏటి గట్టుకు పనికిరాదని, హాస్టళ్ల వెనక నీళ్లు నిలిచే పల్లంలో బూడిద రంగు మట్టి దొరుకుతుందని చెప్పాను. తెచ్చి, ఎండబెట్టి, నా పాత నూలు చీర ముక్కలో జల్లించేవాళ్లం. మామూలు ఇసుక రేణువు ఆ బొమ్మ కాలి పక్కన బండరాయిలా కనిపిస్తుంది మరి.

యూనిఫాం ఆయన శాఖ. ఆకుపచ్చ రంగును డబ్బాలో ఉన్నది ఉన్నట్టు ఏనాడూ వేయలేదు. చంకల దగ్గర చెమటకు ముదురు, భుజాల మీద ఎండకు వెలిసినట్టు, మోకాళ్ల దగ్గర అరిగినట్టు ఉండాలి. కుంచె కొనను నాలుకతో తడిపి సన్నం చేసేవారు. అది రంగు సార్, కడుపులోకి పోతుందంటే, "ఇన్నేండ్లు సిలబస్ మింగిన మేడమ్, ఇదేం జేస్తది" అనేవారు.

బురద అన్నిటికన్నా చివర. జిగురులో కలిపి, పాత టూత్‌బ్రష్‌కు అద్ది, బొటనవేలితో పోచలు వంచి చిమ్మాలి. పడ్డది పడ్డట్టే ఉండాలి. "ఒక్కసారి పడ్డంక తుడవద్దు మేడమ్. మనిషి యాడ వంగిండు, యాడ కూసున్నడు, అంతా గా బురదనే చెప్తది. తుడిస్తే అబద్ధమైతది."

ఆ మాట నమ్మబట్టే ఆయనకు మా అన్న సంగతి చెప్పాను. మా అన్న మిలిటరీలో చేరి తిరిగి రాలేదు. ఇంట్లో మిగిలింది ఒక స్టూడియో ఫొటో. ఇస్త్రీ మడతలు, మెరిసే బూట్లు, వెనక గుడ్డ మీద గీసిన గులాబీ తోట. అందులో ఉన్నది నాకు తెలియని మనిషి. అన్నతో పనిచేసినాయన ఒకరు మా ఊరొచ్చి, ఆఖరిసారి చూసినప్పుడు తొడల దాకా బురదలో దిగబడి జీపును తోస్తున్నాడని, తోస్తూనే నవ్వుతున్నాడని చెప్పాడు. మా అమ్మ ఆ మాట చెవిన పెట్టలేదు. ఫొటోకు దండ వేసింది. నేను మాత్రం ఆ బురదనే దాచుకున్నాను.

సార్ అంతా విని, "చేద్దాం మేడమ్. చేసి మీకే ఇస్త" అన్నారు. ఒక వానకాలమంతా చేశాం. వంగిన నడుము, వెనక్కి తన్నిపెట్టిన కాలు, చేతుల కింద జీపు వెనక భాగం. ఆఖరున బ్రష్ నాకిచ్చి నా చేతనే చిమ్మించారు. తొడల మీద, మోచేతుల మీద, ఒక చుక్క చెంప మీద పడింది. అది ఆరాక, "పైన వార్నిష్ పడాలె, జర ఆగుండ్రి" అని తన దగ్గరే ఉంచుకున్నారు. ఆగాను. తర్వాత బొమ్మలన్నీ డిపార్ట్‌మెంట్‌కు ఇస్తున్నానన్నప్పుడు, మా అన్న అందులో లేడనే అనుకున్నాను.

సభ అయ్యాక మీరు సమోసాల వైపు వెళ్లారు. నేను వరండాలో ఆ బొమ్మలున్న అద్దాల బీరువా దగ్గరికి వెళ్లాను. వరుస వరుసంతా బురదలో ఉంది. మధ్యలో మా అన్న. ప్యాంటు శుభ్రం, బూట్లు తళతళ. తోసేది జీపు, తొడుక్కున్నది పెళ్లి బట్టలు.

ఎవరు చేశారని అటెండర్‌ను అడిగాను.

"సారే మేడమ్. గీడనే కూసోని దూది పుల్లలతోని మెల్లగ తుడిసిన్రు. బూట్లకు రంగు గూడ ఏసిన్రు."

"ఎందుకట?"

"నేను గూడ గదే అడిగిన. 'గీయన మేడమోళ్ల అన్న, నలుగురు సూసే జాగల బురదతోని ఎట్ల నిలబెడతం, మర్యాద గాదు' అన్నరు. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఇస్తానన్నది బీరువాకు ఇచ్చారు, అది మింగగలను. తుడవద్దని నాకు నేర్పిన చేత్తోనే నేను చిమ్మింది తుడిచారు. ఊరందరి కొడుకులకు బురద నిజమట, మా అన్నకు మాత్రం అమర్యాదట. మంచి మనసుతోనే చేశారని తెలుసు, అందుకే ఎక్కువ మండుతోంది. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. బతికుంటే కిందికి దిగి తగువు పెట్టుకునేదాన్ని, ఆయన తల గోక్కుని "గల్తీ అయింది మేడమ్" అనేవారు. ఆ వీలు కూడా లేకుండా పోయారు.

"పోయినాయన మీద అలుగుతావా అమ్మమ్మా" అంటుంది నా మనవరాలు. అలుగుతాను. ఈ వయసులో నాకు చూడడం నేర్పిన మనిషి ఆయన. వానలో వచ్చినవాళ్ల కాళ్ల వంక చూసి బురద ఏ అంచున ముందు ఆరుతుందో ఇప్పటికీ గమనిస్తాను. ఆ కళ్లతోనే బీరువాలోకి చూడాల్సి వచ్చింది.

ఇక మీకో పని. మా అన్నకు మళ్లీ బురద చిమ్మడానికి సోమవారం అటెండర్ బీరువా తాళం తీస్తాడు, హెడ్ గారు సరేనన్నారు. నా దగ్గర మట్టి లేదు. మేం జల్లించి దాచిన డబ్బాను సార్ వాళ్లమ్మాయి తెలియక పూలకుండీలో పోసింది, బంతి మొక్క మాత్రం బ్రహ్మాండంగా ఉంది. నేను పల్లం దాకా నడవలేను. క్యాంపస్‌లో వాకింగ్‌కు వెళ్లేవాళ్లెవరైనా హాస్టళ్ల వెనక నుంచి ఒక టీ కప్పుడు బురద తెచ్చిపెట్టండి. రోడ్డు పక్కది వద్దు, అందులో ఆయిల్ ఉంటుంది. పైపొర తీసేసి కింద బూడిద రంగుది తవ్వండి. ఎండబెట్టకండి, జల్లించకండి, అది నా శాఖ. మూత బిగించి తెచ్చి పై బెల్లు నొక్కండి. పాత అలవాటున కిందిది నొక్కి నిలబడేరు, ఆ తలుపు ఎవరూ తీయరు.