వంటక్కకు పడని తిండి

ఆ ఆఫీసు క్యాంటీన్లో ఆమెను అందరూ వంటక్క అనే పిలుస్తారు. పొద్దున్నే వచ్చి గ్యాస్ పొయ్యిలు వెలిగించిందంటే, మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా నడుం వాల్చదు. గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలిక్కి తగిలిస్తే చాలు, కూరకి ఏం తక్కువైందో చెప్పేస్తుంది.

ఆమె మెడ మీదా, మోచేతి మడతల్లోనూ ఎర్రటి పొక్కులు లేచాయి. గోకితే మంట, గోకకపోతే దురద. మందుల షాపువాడిచ్చిన ట్యూబులన్నీ పూసింది. పూసినన్నాళ్లూ అణిగి, మానగానే మళ్లీ విరగబూసేవి. వడ్డించేటప్పుడు జనం తన చేతులవంకే చూస్తున్నారనిపించి, ఉడికిపోయే వంటగదిలోనూ పొడుగు చేతుల చొక్కా తొడుక్కోవడం మొదలుపెట్టింది.

ఆడపడుచు చూసి ఊరుకోలేదు.

"ఒంటికి పడని తిండేదో తింటున్నావు వదినా. రక్తపరీక్ష చేస్తే ఏది పడదో ఇట్టే తెలిసిపోతుంది. నేను చేయించుకుని పాలు మానేశాను, నా మొహం చూడు!"

మొహం బాగానే ఉంది. అంతకుముందు ఎలా ఉండేదో వంటక్కకు గుర్తు రాలేదు. అయినా వెంట వెళ్లింది.

రిపోర్టులో గుడ్లు, పాలు, గోధుమ, టమాటా ఎర్ర రంగులో వచ్చాయి. వాటి కింద ఆల్చిప్పల మాంసం.

"ఇదెప్పుడూ తినలేదమ్మా నేను. కంటితో చూడనైనా లేదు," అంది వంటక్క.

"రిపోర్టులో వచ్చిందంటే పడదన్నట్టే ఆంటీ," అంది ల్యాబు కౌంటర్లో అమ్మాయి.

అన్నీ ఒక్కసారే మానేసింది. ఇంట్లో అన్నం, ఉడికించిన కూరగాయలతో సరిపెట్టుకుంది. అసలు చిక్కు క్యాంటీన్లో వచ్చిపడింది. రుచి చూసి ఉమ్మేస్తే తిన్నట్టా, తిననట్టా? ల్యాబుకి ఫోన్ చేస్తే కనుక్కుని చెప్తామన్నారు. చెప్పలేదు. ఎందుకొచ్చిన గొడవని, రుచి చూసే పని గిన్నెలు కడిగే ముసలాయనకు అప్పగించింది. ఆయన ఏది నోట్లో వేసుకున్నా "బ్రహ్మాండం" అనేవాడు. ఉప్పు కషాయంలాంటి కూర వడ్డనకు వెళ్లి, పళ్లేలు నిండుగానే తిరిగొచ్చాయి.

"ఏంటక్కా ఇది? మామీద ఏమైనా కోపమా?" అన్నాడు మేనేజరు.

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. పైగా ఒకటే నీరసం, నిలబడితే కళ్లు తిరిగేవి. పోనీ పొక్కులు పోయాయా అంటే, మెడ మీద తగ్గాయి, మోచేతుల దగ్గర అలాగే ఉన్నాయి.

లిఫ్టులు బాగుచేసే ఆమె భర్తకు ఇదేమీ అంతుబట్టలేదు. "మెడ ఒక్కటే పథ్యం చేస్తోందా? మోచెయ్యి నీకు తెలీకుండా పాలు తాగుతోందేమో చూసుకో!"

ఆమె నవ్వలేకపోయింది. మర్నాడు ఆయనే చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ రిపోర్టు చూసి పక్కన పెట్టింది. "ఇలాంటి పరీక్షలో ఎర్రగా వచ్చినంత మాత్రాన అది పడదని కాదమ్మా. చాలాసార్లు, అది మనం తినే వస్తువని మాత్రమే అర్థం."

"మరి ఆల్చిప్పలు?"

డాక్టరమ్మ నవ్వేసింది. "అది నాకూ తెలీదు."

తర్వాత ఏ సబ్బు వాడతావు, చెమట ఎక్కువ పడుతుందా అని ఆరా తీసింది. ఘాటైన సబ్బూ, ఇంట్లో గిన్నెలు తోమే పౌడరూ మార్చమని, పొడి చర్మానికి క్రీము రాసిచ్చి, మానేసినవాటిని ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టి చూడమంది.

గుడ్డు తిన్న రోజు వంటక్క పని మానుకుని మోచేతులకేసి చూస్తూ కూర్చుంది. ఏమీ కాలేదు. రొట్టెతోనూ ఏమీ కాలేదు. పాలు తాగిన మర్నాడు మాత్రం దురద పుట్టింది. దొంగ దొరికిందనుకునేలోపే, అంతకుముందు సాయంత్రం పాత పౌడరుతో గిన్నెలు తోమిన సంగతి గుర్తొచ్చింది. మళ్లీ పాలు తాగితే దురద రాలేదు. టమాటా తింటే పెదాల చుట్టూ కాస్త చురుక్కుమంది. అది పులుపో, తన భయమో తేల్చుకోలేకపోయింది.

కొన్నాళ్లకి చేతులు నునుపు తేలాయి. డాక్టరమ్మకు చూపించుకుని బయటికి రాగానే, బల్ల మీద కూర్చున్న భర్త లేచి ఎదురొచ్చాడు.

"ఏమన్నారు?"

"బాగా తగ్గిందన్నారు."

"దేనివల్లట?"

"క్రీమువల్ల కావచ్చట, సబ్బు మార్చినందుకు కావచ్చట, దానంతటదే తగ్గి ఉండొచ్చట. మళ్లీ వచ్చినా రావచ్చట."

"ఇంతకీ మనం సంతోషించాలా, వద్దా?"

వంటక్క చేతులు ఇటూ అటూ తిప్పి చూసుకుంది. "ఇవాళ్టికైతే సంతోషిద్దాం. పద, ఆకలేస్తోంది."