పడుగూ పేకా లేని బట్ట

సోలాపూర్‌లో మా దాజీ పేట్ తెలుగు బడి పైకప్పును నిరుడు ఎండాకాలం సెలవుల్లో విప్పారు. ఎనభై నాలుగు సిమెంటు రేకులు. మేము వాటిని పత్రాలంటాం. వాటిని లెక్కపెట్టే పని నాకు అప్పగించారు. నూలు దుకాణంలో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు రాసినదాన్ని కాబట్టి, బడి కమిటీలో లెక్క అన్నమాట వినబడితే అందరూ నా వైపే చూస్తారు.

ఆ రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉందని మాకు అంతకు మూడేళ్ల ముందే చెప్పారు. రేకు పగలకుండా ఉన్నంతకాలం దాన్ని కదపకపోవడమే మేలన్నారు. మేకు కొట్టకండి, పైకెక్కి నడవకండి అని చెప్పి, మీద రంగు పూయించారు. ఏడాదికి రెండుసార్లు ఎవరో వచ్చి చూసి వెళ్లేవారు. ఆ మధ్య వడగళ్ల వానకు మూడో తరగతి గది మీద రెండు రేకులు పగిలాయి. వెంటనే ఆ గదికి తాళం వేశారు. సెలవుల్లో మొత్తం తీసేసి కొత్త కప్పు వేయాలని తేల్చారు.

మిరుగం నాటికి, అంటే వానలు మొదలై బడి తెరిచే నాటికి, పని కాకపోతే పిల్లల్ని ఊరికి ఆ చివరనున్న మరాఠీ బడికి పంపుతామన్నారు. కొద్ది రోజులకేనన్నారు. అరవై ఒక్కమంది ఉన్న తెలుగు బడి ఒకసారి చెదిరితే మళ్లీ కూడుకోదని మా వాడలో అందరికీ తెలుసు. నా మనవరాలు ఆ అరవై ఒక్కరిలో ఒకతె.

పని మొదలుపెట్టే ముందు ఒక సోమవారం సూపర్‌వైజరు మా ఆడవాళ్లందరినీ బడి వరండాలో కూర్చోబెట్టి మాట్లాడాడు. పుణె నుంచి వచ్చిన మరాఠీ కుర్రవాడు. మరాఠీ మా అందరికీ వచ్చు. రేకు పగిలితే కంటికి కనబడని పోగులు గాలిలోకి లేస్తాయనీ, ఊపిరితిత్తుల్లోకి దిగితే అక్కడే ఉండిపోతాయనీ, జబ్బు ఎన్నో ఏళ్లకు గాని బయటపడదనీ చెప్పాడు. ఏటా బడి తెరిచే ముందు మేమంతా చీపుర్లు పట్టుకొని వెళ్లి ఊడ్చి కడుగుతాం. ఈసారి ఒక్కరు కూడా గేటు లోపలికి రాకూడదన్నాడు.

"మూతికి తువ్వాల కట్టుకుంటం గద" అంది మా మరదలు.

"తువ్వాలతో ఆగదు, ఆజీ" అన్నాడతను. ఆజీ అంటే మరాఠీలో అవ్వ.

మరదలు నా వైపు తిరిగింది. "ఏంది వదినా! దేశమంత మన సోలాపూర్ తువ్వాలతోనే మొకం తుడుసుకుంటది. అది పనికిరాదంటడా ఈ పోరడు?"

వరండా అంతా నవ్వింది. తువ్వాల అన్న మాట పట్టుకొని అతనూ నవ్వాడు. నూలు దుమ్మునైతే ఆపుతుంది ఆజీ, దీన్ని మాత్రం ఆపదు అన్నాడు.

మా మరదలంటే మా తమ్ముడి భార్య. బడిలో మధ్యాహ్నం ఖిచిడీ వండేది ఆమే. వంటగది తాళంచెవి ఆమె కొంగుకే ఉంటుంది. ఆ వంటగదికి వెనక తలుపు కూడా ఉందన్న సంగతి ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

పని మంగళవారం మొదలైంది. నేను గేటు బయట కుర్చీ వేసుకొని కూర్చున్నాను. పనివాళ్లు తలనుంచి కాళ్ల దాకా తెల్లని సూట్లు వేసుకొని, ముఖానికి బిగుతుగా పట్టే మాస్కులు పెట్టుకున్నారు. ముందు సబ్బు కలిపిన నీళ్లు రేకు మీద చల్లారు. సుత్తి తగలకుండా బోల్టులు విప్పారు. రేకును ముక్క కాకుండా చేతులమీద దింపి, దళసరి ప్లాస్టిక్‌లో చుట్టి టేపు వేశారు. ఎదుటి మేడ మీద బీడీలు చుడుతున్న ఆడవాళ్లకు ఆ నీళ్లు నచ్చాయి.

"సూడుండ్రి, మనం ఆకు తడిపినట్లనే తడుపుతున్నరు."

"మరి? ఎండిన ఆకును ముడితె పొడైపోదా? గట్లనే."

సాయంత్రం ఆ తెల్ల సూట్లను విప్పి సంచిలో వేసి మూతి బిగించారు. అవి మళ్లీ వాడరు, రేకులతో పాటు విషపు చెత్త పూడ్చే చోటికి పోతాయి. అది చూసి మా మరదలికి ప్రాణం ఒప్పలేదు.

"ఒక్కపూట తొడిగి పారేసుడా? మల్లెపువ్వోలె ఉన్నయి. వాళ్లింట్ల ఎవ్వరు మగ్గం మొకం సూడలేదా, వదినా?"

ఆమె బాధ నాకు అర్థమైంది. మా ఇళ్లలో బట్టను పారేయడమన్నదే లేదు. మగ్గం మీద మిగిలిన పడుగు కొసలు తాడవుతాయి. చినిగిన చీర బొంతవుతుంది. బొంత కూడా చినిగితే మసిగుడ్డ అవుతుంది.

శుక్రవారం పొద్దున నేను వెళ్లేసరికి పని ఆగి ఉంది. సంచి ఒకదాని టేపు ఊడి ఉంది, రెండు సూట్లు లేవు. సూపర్‌వైజరు ముఖం పాలిపోయింది. అవి ఎక్కడికి పోయాయో తెలియకుండా బడి శుభ్రమైందని నేను సంతకం పెట్టలేను ఆజీ, పైవాళ్లకు రాయాలి, వాళ్లు వచ్చి చూసేదాకా రేకు కదపను అన్నాడు. ఎన్నాళ్లు పడుతుందని అడిగాను. మిరుగం దాటుతుందన్నాడు. చిత్తుకాగితాలు ఏరేవాళ్ల మీద అందరూ అనుమానపడ్డారు.

ఈ సంగతి చెబుదామని మరదలి ఇంటికి వెళ్లాను. ఆమె స్నానాల మూలలో ప్లాస్టిక్ టబ్బు ముందు కూర్చొని విసుక్కుంటోంది.

"రా వదినా, నూలు దుకాణంల పనిచేసినదానివి, నువ్వే జెప్పు. పొద్దటి సంది నానబెట్టిన, నీళ్లే పడుతలేదు. పోగు గుంజి సూద్దమంటె పోగే లేదు. పడుగు లేదు, పేక లేదు. ఇదేం బట్టనో!"

టబ్బులో ఆ రెండు సూట్లు తేలుతున్నాయి.

"ముట్టకు! లేసి ఇటు రా" అన్నాను.

"ఏమైంది? కొత్త గదిల పోరగాండ్లు కూసునేటందుకు బొంతలు కుడుదామని తెచ్చిన. నాకు దాసుకున్ననా?"

"వీటికోసమే బడి పని ఆగింది. మిరుగానికి బడి తెరవకుంటె పోరగాండ్లే ఉండరు. ఇగ బొంతలెవ్వరికి కుడుతవు?"

ఆమె లేచి టబ్బుకు ఇవతలికి వచ్చింది. "పడుగు పేక లేనిది బట్టెట్లయితది?" అంది. "బట్టను పారేస్తె పాపం గని ఇది బట్ట గాదు. తీస్కపొమ్మను."

నేను కబురు పంపితే సూపర్‌వైజరు మాస్కుతో వచ్చాడు. దులిపావా, కత్తిరించావా అని అడిగాడు. లేదంది. కొత్త బట్టకు కత్తెర పెట్టే ముందు నానబెట్టడం మా అలవాటు. పొడిగా ఉన్నప్పుడు దులపకుండా నేరుగా నీళ్లలో వేయడం మంచిదైందన్నాడు. సూట్లతో పాటు టబ్బు కూడా సంచిలో పడాలన్నాడు.

"టబ్బు గూడనా? ఇగ నన్ను గూడ కట్టుకపోండ్రి సంచిల!"

అతను నవ్వలేదు. వాటిని ఎలా తెచ్చావని అడిగాడు. తెల్లారకముందే వంటగది వెనక తలుపు గుండా చంకలో పెట్టుకొని తెచ్చానని చూపించింది. అతను ఆమె ఒంటి మీది చీర వైపు చూశాడు.

అది మా తమ్ముడు చేమగ్గం అమ్మే ముందు నేసిన ఆఖరి చీర. రంగు వెలిసి ఇంట్లో కట్టుకునే చీర అయింది గాని, అంచు ఇంకా గట్టిగా ఉంది. కడిగితే పోతుందని నేను చెప్పలేను ఆజీ అన్నాడతను, తల దించుకొని.

"దీనికి పడుగున్నది, వదినా. పేక గూడ ఉన్నది" అంది మరదలు మెల్లగా. కొంగు అంచును రెండు వేళ్లతో ఒకసారి తడిమింది. "అడుగు. ఇది ఇస్తె సంతకం పెడ్తడా?"

అడిగాను. జరిగింది జరిగినట్టు రాసి, ఇల్లూ దారీ తడిగుడ్డతో తుడిపించి, పరీక్ష చేయించాక పెడతానన్నాడు.

ఆమె లోపలికి వెళ్లి తలస్నానం చేసి వచ్చింది. చీర అప్పటికే సంచిలో ఉంది. "తడిపే పెట్టిన, దులుపలేదు" అని అతనికి తెలుగులోనే చెప్పింది. అతనికి అర్థమైంది.

ఆ సాయంత్రమే వంటగది వెనక తలుపుకు కొత్త తాళం పడింది. ఆ తాళం ముందే వేయాల్సింది నేనే అని సూపర్‌వైజరు తనంతట తాను ఒప్పుకున్నాడు. సోమవారం పని మళ్లీ మొదలైంది. ఎనభై నాలుగో రేకును నేను గేటు దగ్గర లెక్కపెట్టి పంపించాను. గదులన్నీ తడిగుడ్డలతో తుడిచాక గాలిని పరీక్షించారు. కొత్త కప్పు కింద బడి శుభ్రంగా ఉందని మిరుగానికి రెండు రోజుల ముందు సంతకమైంది.

తెరిచిన రోజున యాభై ఎనిమిదిమంది వచ్చారు. చుట్టాల ఊళ్లకు పోయిన ముగ్గురూ ఆ వారంలోనే వచ్చారు. మరాఠీ బడికి ఎవరూ పోలేదు. మూడో తరగతి గదిలో మరదలి బొంతలు పరిచి ఉన్నాయి. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, తప్పు పడి పక్కన పెట్టిన తువ్వాలలు అడిగి తెచ్చి, ముక్కలు కలిపి కుట్టినవి. నా మనవరాలు ఒక మూలన కూర్చొని అంచున ఉన్న పోగును వేలికి చుట్టుకుంటోంది.

ఖిచిడీ గిన్నె మోసుకుంటూ అటు వెళ్తున్న మరదలు గుమ్మం దగ్గర ఆగింది.

"ఏయ్, గుంజకే! గుంజితె వస్తది. అది బట్ట."