యాదమ్మ ఉన్న చోట ఓయమ్మ

ఇన్నేళ్లుగా నా గుండె మీద కూర్చున్న బరువు ఒక పాట. పెళ్లి బరాత్‌లో మోగుతుంది, ఆటోలో మోగుతుంది, పక్కింటి ఫోన్‌లో మోగుతుంది. మోగిన ప్రతిసారీ ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోతాను. నీ పాటకు నీకే సిగ్గా అని నవ్వుతారు. సిగ్గే. వాళ్లనుకునే సిగ్గు కాదు. తెలిసినవాళ్లెవరికీ చెప్పలేకపోయాను. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఆ పాట మా వదినది, అంటే మా అన్న భార్యది. నార్కట్‌పల్లి దగ్గర మా ఊళ్లో, నాట్లయినా కలుపుతీతైనా, ఆమె ఎత్తుకుంటేనే మిగతా ఆడవాళ్లు అందుకునేవాళ్లు. ఆమెకు యాదమ్మ అని ఒక చెల్లెలుండేది. తల్లి లేని పిల్లను వదినే పెంచింది, పెళ్లయ్యాక మా ఇంటికీ వెంట తెచ్చుకుంది. పత్తి ఏరడానికి వెళ్లిన ఆ పిల్లను ఒకరోజు పాము కరిచింది. దవాఖానకు చేరేలోపే పోయింది. ఆ తరువాత వదిన చాలాకాలం పాడలేదు. మళ్లీ నోరు విప్పినప్పుడు వచ్చిన పాట ఇది. ప్రతి చరణం చివరా ఒకటే పిలుపు, "పొద్దుగూకకముందె ఇల్లు చేరవె యాదమ్మా" అని. పోయినవాళ్లను పేరు పెట్టి పిలుస్తూ పాటగా ఏడవడం మా వైపు ఉన్నదే, కానీ అది దినాలతో అయిపోతుంది. వదిన ఆ పేరును చేలోకి తెచ్చింది, పనిచేసే ఆడవాళ్లందరి చేతా పిలిపించింది.

తెలంగాణ వచ్చాక జానపదాలకు గిరాకీ పెరిగింది. నల్లగొండలో ఒక మొబైల్ షాపు పైన, గోడలకు కోడిగుడ్ల అట్టలు కొట్టిన చిన్న గదిలో ఒకాయన పాటలు రికార్డు చేసేవాడు. వదినను అక్కడికి తీసుకెళ్లింది నేనే. ఆ సంగతి తలుచుకుని కొన్నాళ్లు నన్ను నేను సముదాయించుకున్నాను కూడా. ఆమె కళ్లు మూసుకుని పాడింది. వారం తిరగకుండానే ఆయన ఫోన్ చేశాడు. పాట బాగుంది, చరణాల చివర ఆయాసం వినిపిస్తోంది, మీ వదినను ఇంకోసారి తీసుకురా, గొంతు మళ్లీ ఎక్కిద్దాం అన్నాడు.

వదినకు చెప్పలేదు. ఒక్కదాన్నే వెళ్లాను.

ఎందుకు? ఆమెకు మళ్లీ శ్రమ ఎందుకనుకున్నానా? అలా అనుకున్నట్టు నటించాను, నా ముందు నేనే. బడిలో ప్రార్థన పాడింది నేను, గాయనిని కావాలని కలలు కన్నది నేను, పొద్దున్నే లేచి గొంతు సవరించుకున్నది నేను, అయినా ఊళ్లో పాట అనగానే అందరి తలలూ వదిన వైపే తిరిగేవి. అసూయ. ఈ ఒక్క మాట రాయడానికి ఇంత దూరం రావలసి వచ్చింది.

వదినకు గొంతు పట్టేసింది, నన్నే పాడమంది అని ఆయనకు చెప్పాను. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే అందులో వదిన పాడుతోంది. దాని మీదే నేను పాడాలి, తరువాత ఆమె గొంతు తీసేస్తారు. మొదటి చరణం అయ్యాక ఆయన ఆపాడు.

"యాదమ్మ అంటే ఎవలు, చెల్లె?"

ఆ పేరు ఎవరిదో చెబితే పాట ఎవరిదో కూడా చెప్పాల్సి వస్తుంది.

"ఎవలు లేరన్నా. ఊకె పాటల మాట. ఓయమ్మ అని పెడదాం, గదే మంచిగుంటది."

"గట్లనే కానీయ్."

ఓయమ్మ చక్కగా కుదిరింది. తాళం ఎక్కడా తడబడలేదు. తడబడి ఉంటే ఆగేదాన్నా? ఆగేదాన్ని కాదు, ఇంకో మాట వెతికేదాన్ని. వేగం పెంచారు, డప్పులు కలిపారు, వీడియోలో ప్రియుడు ప్రియురాలి కోసం ఎదురుచూశాడు. కింద రచన, గానం అని రెండుచోట్లా నా పేరే రాయించాను. వదినకు మాత్రం మిషన్ చెడిపోయి నీ గొంతు పోయింది, తొందరపెట్టి నాతో పాడించారు, మాట కూడా వాళ్లే మార్చారు అని చెప్పాను. గొంతు పోతే పోయింది, చెల్లె పేరెందుకు పోయిందని ఆమె ఒక్కసారి అడిగింది. నాకు తెలియదన్నాను.

పోయిన వేసవిలో చుట్టాల పెళ్లి. పసుపు దంచుతూ ఎవరో వదినను పాడమన్నారు. ఆమె ఆ పాటే ఎత్తుకుంది. పిలుపు దగ్గరకు రాగానే పక్కనున్న ఆడపిల్ల నవ్వుతూ ఆపింది.

"యాదమ్మ కాదు పెద్దమ్మా, ఓయమ్మ. తప్పు పాడుతున్నవ్."

నేను ఎదురుగానే ఉన్నాను. ఒక్క మాట చాలు. తల వంచుకుని పసుపు దంచుతూ ఉండిపోయాను. వదిన నా వైపు చూడను కూడా లేదు.

"అవునా బిడ్డా," అంది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి ఓయమ్మ అనే పాడింది.

ఆమెకు నేనింకా చెప్పలేదు. చెబుతానని మాట ఇవ్వను, నా మాట సంగతి చూశారుగా. ఇది రాస్తే చేసిన పాపం పోతుందని కూడా అనుకోవడం లేదు. ఊపిరి మాత్రం కొంచెం ఆడుతోంది. పాట మా వదినది. పిలిచింది తన చెల్లెల్ని. ఆ పిల్ల నిజంగా ఉండేది.