మెకానిక్ వచ్చాడు

భాషలో మగపెత్తనం గురించి కొన్నాళ్లపాటు నన్నెవరూ వ్యాసం అడగకండి. మొన్న శనివారం వెర్రిబీ లైబ్రరీలో నేను చేసిన నిర్వాకం వింటే ఎందుకో మీకే తెలుస్తుంది.

అక్కడ తెలుగు ఆడవాళ్లం నెలకోసారి కూర్చుని చదువుకుంటాం. ఎప్పుడూ అవే అత్తాకోడళ్ల నవలలు. ఈసారి చైనీస్ సైన్స్ ఫిక్షన్ అని పట్టుబట్టాను, ఇంగ్లీషు అనువాదాల సంపుటం ఒకటి దొరికింది. రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ పద్మ ఆంటీ బేరం పెట్టారు: ఒక కథ తెలుగులో చెప్పాలి, నచ్చితే ఏడాదంతా అవే, లేకపోతే మళ్లీ అత్తాకోడళ్లే.

ట్రైన్‌లో సగం చదివేసరికే ఒళ్లు జలదరించింది. నక్షత్రాల మధ్య తరతరాలుగా సాగే ఓడ. బయల్దేరినవాళ్లు బతికిలేరు, చేరేవాళ్లు ఇంకా పుట్టలేదు. మధ్యలో ఒక మెకానిక్, ఎన్నడూ చూడబోని నేల కోసం రోజూ బోల్టులు బిగించడం. అంత పెద్ద చీకటికి ఎదురుగా ఒక్క పానా! ఇంతలో స్టేషనొచ్చింది. మిగతా సగం అక్కడే చూసి చెప్పెయ్యొచ్చులే అనుకున్నాను.

అనువాదం మీద ఒకటే చిరాకు. ప్రతి వాక్యంలోనూ 'మెకానిక్, మెకానిక్' అనే ఉంది. సర్వనామాలకి కరువొచ్చిందా అని అందరి ముందూ వెక్కిరించాను కూడా. తెలుగులో క్రియకి ఏదో ఒకటి తగిలించాలి కదా. మెకానిక్ వచ్చాడు, ఎక్కాడు, బిగించాడు అని దంచుకుంటూ పోయాను. పక్కనే కూర్చుని పుస్తకంలోకి చూస్తున్న సుజాత, హాస్పిటల్లో మిడ్‌వైఫ్, ఇందులో 'హీ' అని ఎక్కడా లేదక్కా అని గొణిగింది. ఫ్లో చెడగొట్టొద్దన్నాను.

సమోసాలు చల్లారిపోతున్నా ఎవరూ ముట్టుకోలేదు. గెలిచేశాననుకున్నాను. చివరి పేరాకొచ్చాను.

"ఓడ బయట తాడుకి వేలాడుతూ, ఆఖరి బోల్టు బిగించి, మెకానిక్ కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాడు. లోపల బిడ్డ కదిలింది. 'మనం చేరం. నీ మనవరాలు దిగుతుంది' అని చెప్పాడు..."

గబగబా పేజీ వెనక్కి తిప్పాను.

"ఎన్నో నెల అక్కా అతనికి?" అంది సుజాత.

నవ్వులు తగ్గేదాకా తలెత్తలేదు. తలవంచుకుని ఆ పేరానే మళ్లీ చదివాను. పానా పట్టుకున్న చెయ్యి మగాడిదే అనుకునే బుర్రల కోసం, ఒక్క సర్వనామం కూడా జారకుండా ఎంత ఓపిగ్గా అల్లారో! ఆ అల్లిక నా నోటితోనే నేను విప్పి పారేశాను.

కాసేపటికి పద్మ ఆంటీ కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆవిడ నవ్వడం లేదు.

"నీ మనవరాలు దిగుతుంది... ఏడాదంతా ఇవే చదువుదాం. ఇంతకీ ఈ కథ రాసిందెవరమ్మా? ఆయనా, ఆవిడా?"

పేరు చూశాను. ఈసారి తొందరపడలేదు.

"తెలియడం లేదు ఆంటీ. 'రాశారు' అందాం."

"ఆ మర్యాదేదో మెకానిక్కి కూడా ఇచ్చుంటే నీ పరువు దక్కేది కదమ్మా."