మూసి ఉన్న ఏడు కొక్కేలు

ఇది చదివి నాకు ఫోన్ చేసి "చూశావా, ఉన్నాయి కదా" అనాలనుకునేవాళ్లు ఆ శ్రమ పడొద్దు. దయ్యాలు లేవు. చిన్నప్పుడు నమ్మలేదు, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసినప్పుడు నమ్మలేదు, ఇది రాస్తున్న ఈ పూట కూడా నమ్మను. కానీ నేను కళ్లతో చూసి, చేత్తో ముట్టుకుని చూసుకున్నవి కొన్ని ఉన్నాయి. వాటిని లేవనడం కూడా నాకు చేతకాదు. అందుకే రాస్తున్నాను.

మాది తాండూరు నుంచి బషీరాబాద్ వెళ్లే దారిలో ఒక ఊరు. ఇంట్లో తరతరాలుగా పశువులే. నేను ఏడో తరగతిలో ఉండగా నాన్న పోయాడు. ఆ తర్వాత మందనూ మమ్మల్నీ సాకింది పెద్దనాయన, అంటే నాన్నకు అన్న. పెళ్లి చేసుకోలేదు. భుజం మీద నల్ల గొంగడి, చేతిలో కట్టె, అంతే ఆయన ఆస్తి.

చదువయ్యాక రెండేళ్లు ఫ్యాక్టరీలో పనిచేసి మానేశాను. ఊరికి అర కిలోమీటరు దూరంలో, మా చేనులో కొట్టం కట్టాను. మూడు వైపులా నిలబెట్టిన నాపరాతి బండలు, పైన రేకులు, ముందు ఇనుప గేటు, లోపల ఒక కెమెరా. ఏడు ఆవులు. ఒక్కోదానికి రిజిస్టరులో ఒక పేజీ. ఈనిన ప్రతిసారీ నింపడానికి ఆరు గడులు గీశాను: తేదీ, సమయం, ముందురోజు ఒంటి వేడి, దూడ ఆడా మగా, బరువు, దగ్గరుండి పురుడు పోసినవారు.

పలుపు తాళ్లు తీసేసి గొలుసులు పెట్టింది కూడా నేనే. పెద్దనాయన వేసే ముడి ఒక్క గుంజుకు విడిపోయేది. అలా విడిపోయి ఆవులు రెండుసార్లు పక్కవాళ్ల కంది చేనులో పడ్డాయి. నేను తెచ్చిన గొలుసు కొక్కేనికి చిన్న మర ఉంటుంది. నాలుగు చుట్లు తిప్పితేనే తెరుచుకుంటుంది. మళ్లీ నాలుగు చుట్లు తిప్పితే గట్టిగా మూసుకుంటుంది. పశువు తనంతట తాను విప్పుకోలేదు. నేను కొన్నదే అందుకు.

పెద్దనాయన వచ్చి చూశాడు.

"దొంగను జైల్ల ఏసినట్టు ఏసినవు గదరా ఇంజనీరూ. ఈనే గొడ్డుకు గొలుసేందిరా? రాళ్లవాన వస్తె ఎవడిప్పాలె?"

నేను విప్పుతాను అన్నాను.

"గొలుసు పెట్టినోడు పక్కనే పండాలె మరి. మబ్బు నీకు ఫోన్ జేసి వస్తదా?"

కట్టె తీసుకుని బయటకు నడిచాడు. ఇక ఈ కొట్టంలో అడుగు పెట్టనన్నాడు. పెట్టలేదు. కార్తీకంలో ఊపిరి అందక మూడు రోజుల్లో పోయాడు. మా వాళ్ల పద్ధతి ప్రకారం మట్టి చేశాం. గొంగడి ఆయనకే కప్పి పూడ్చాం.

ఆయన అలవాట్లు రెండు చెప్పాలి, తర్వాత అవసరం పడతాయి. దూడ పుట్టగానే దాని గిట్టల కొసల్లో ఉండే మెత్తటి పొరను గోళ్లతో గిల్లేసేవాడు, తొందరగా లేచి నిలబడుతుందని. మా పశువుల వాళ్లలో చాలామంది చేసే పనే అది. రెండోది ఆయనకు సొంతం. గొంగడి అంచు నుంచి ఒక ఊలు దారం పీకి, దూడ బొడ్డుకు రెండు వేళ్ల దూరంలో కట్టేవాడు. చీము పడుతుందని నేను గొడవపడి ప్లాస్టిక్ క్లిప్పులు తెచ్చాను.

మా వైపు శివరాత్రితో చలి పోవాలి. పోయిన ఏడాది పోలేదు. పండుగ దాటాక కూడా పొద్దున తొమ్మిదింటి దాకా మంచు దిగలేదు. ఆవుల వీపుల మీద గోనెపట్టాలు కప్పి, దూడల దగ్గర బల్బులు వేలాడదీశాను. ఆ వారాల్లో నాలుగు ఆవులు ఈనాల్సి ఉంది. మొదటి దూడ బతికింది. రెండోది పుట్టిన తెల్లవారే చలికి బిగుసుకుపోయింది. ఆ పేజీలో ఆరో గడిలో నా పేరే రాశాను.

తర్వాతి వంతు చుక్కది. పుట్టిన వారానికే దాని తల్లి పోతే, పెద్దనాయన సీసాతో పాలు పట్టి పెంచాడు. నుదుట తెల్ల మచ్చ. తొలిచూలు. ఇంకో దూడ పోయినా తట్టుకునేవాణ్నేమో, చుక్కకు ఏమైనా అయితే మాత్రం అమ్మకు ముఖం చూపించలేను. ఆయన వదిలి వెళ్లింది అదొక్కటే.

ఆ రోజు పొద్దున చుక్క ఒంటి వేడి చూశాను. ఈనడానికి ముందురోజు వేడి కొంచెం పడిపోవాలి. పడలేదు. అంటే కనీసం రేపటిదాకా భయం లేదు. ఇంకో ఆవుకు కాల్షియం సీసాలు కావాలి, తాండూరు వెళ్లి రావచ్చు అనుకున్నాను.

అమ్మకు తుంటి ఆపరేషన్ అయి అప్పటికి నెల. వాకర్ లేకుండా నాలుగడుగులు వేయలేదు. చుక్కను చూస్తానంటే మెల్లగా ఆటోలో తీసుకొచ్చాను. తోక మొదట్లో వేళ్లు పెట్టి చూసింది.

"ఎముకలు జారినై కొడుకా. పొద్దు గూకకముందే ఈన్తది. ఇయ్యాల యాడికి పోకు."

థర్మామీటరు చూపించాను.

"నీ పుల్లకు ఎన్ని కాన్పులైనై?" అంది.

నవ్వాను. అమ్మను ఇంటి దగ్గర దింపి, గేటుకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని బయల్దేరాను. మధ్యాహ్నం రెండు.

మందుల షాపులో ఉండగా ఆకాశం నల్లబడింది. ఫోన్‌లో కెమెరా తెరిచాను. మూడు గంటల పన్నెండు నిమిషాల దగ్గర బొమ్మ ఆగిపోయింది, కరెంటు పోయింది కాబట్టి. ఆ చివరి బొమ్మ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఏడు ఆవులు, ఏడు గొలుసులు. చుక్క తోక ఎత్తి నిలబడి ఉంది, అంటే నొప్పులు మొదలయ్యాయి. అమ్మ మాటే నిజమైంది.

అప్పుడే రాళ్లు మొదలయ్యాయి. నిమ్మకాయంత రాళ్లు. షాపు ముందు రేకు కింద అరగంటకు పైగా ఇరుక్కుపోయాను. ఎవరికి ఫోన్ చేసినా కలవలేదు. కొంచెం తగ్గగానే బండి తీశాను. రోడ్డంతా తెల్లగా, ఉప్పు ఆరబోసినట్టు ఉంది. రెండుసార్లు జారిపడ్డాను. దారి పొడవునా చెవిలో ఒకటే మాట: గొలుసు పెట్టినోడు పక్కనే పండాలె.

నాలుగు నలభైకి చేరాను. కొట్టం కప్పు లేదు. రేకులు, వాటిని మోసే ఇనుప దూలం, అన్నీ ఆవులు నిలబడే చోట పడి ఉన్నాయి. దూలం సరిగ్గా చుక్క స్థలం మీద పడి, కింద బండను రెండుగా చీల్చింది. గేటు తాళం వేసినట్టే ఉంది. తెరిచి, రేకుల కిందికి వంగి, ఒక్కో పేరూ అరుస్తూ వెతికాను. ఒక్క ఆవూ లేదు. నెత్తురు బొట్టు లేదు.

"ఓ అల్లుడా! గీడెందుకురా ఏడుస్తున్నవు, గనికాడ ఉన్నయ్!"

పక్క చేను రాములు మామ. మేకలను వెతుక్కుంటూ వచ్చాడట. మా చేను చివర వదిలేసిన పాత నాపరాతి గని ఉంది. ఒక పక్క రాయి గొడుగులా ముందుకు వచ్చి ఉంటుంది. వాన వస్తే పెద్దనాయన మందను అక్కడికే తోలేవాడు.

ఏడు ఆవులూ ఆ రాయి కింద ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. మధ్యలో చుక్క. దాని కాళ్ల దగ్గర ఒక పెయ్యదూడ నిలబడి పాలు కుడుస్తోంది. మాయ ఇంకా పడలేదు.

రాములు మామ మీద ఎగబడి అడిగాను, నువ్వే విప్పావు కదా అని.

"నేనే ఇప్పి ఉంటె ఈపాటికి నీతోని దావత్ మాట్లాడుకుంటుంటి. నేనొచ్చేసరికే గిట్లున్నయ్."

ఇక నాకు అర్థమైనవి ముందు చెప్తాను. కొట్టం వెనక గోడలో ఒక బండ బయటికి పడిపోయి ఉంది. గాలికి పడి ఉంటుంది, ఆవులు ఆ సందులోంచి వెళ్లి ఉంటాయి. గనికి దారి వాటికి తెలుసు. దూడ ఒళ్లు పొడిగా ఉందంటే తల్లి నాకింది. గంటన్నరలో తొలిచూలు ఈనడం అరుదు, కానీ అసాధ్యం కాదు. వీటిలో దేనికీ దయ్యం అక్కర్లేదు.

అర్థం కానివి మూడు.

రేకులు పక్కకు లాగి గొలుసులు చూశాను. ఏడూ గోడకు వేలాడుతున్నాయి. ఒక్క లంకె తెగలేదు. ఆవుల మెడపట్టీలకు ఉన్న రింగులు వంగలేదు. ఏడు కొక్కేలూ మూసి ఉన్నాయి. మర పూర్తిగా, నాలుగు చుట్లూ బిగించి ఉంది. అంటే ఎవరో ఏడింటినీ విప్పి, ఆవులను వదిలి, ఆ రాళ్లవానలో నిలబడి మళ్లీ ఏడింటినీ మూశారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఖాళీ కొక్కెం ఎవరు మూస్తారు?

రెండోది, దూడ గిట్టలు. మర్నాడు పశువుల ఆసుపత్రి నుంచి వచ్చినాయనకు నేనేమీ చెప్పలేదు. దూడను ఎత్తి చూసి ఆయనే అడిగాడు, "గిట్టలు ఎవరు గిల్లిండ్రు? మస్తు సాఫ్ గిల్లిండ్రు." గిల్లిన ముక్కలు గనిలో దొరికాయి. ఒక్కచోట, కుప్పగా.

మూడోది, బొడ్డు. రెండు వేళ్ల దూరంలో నల్ల దారం. భూతద్దం కింద పెట్టి చూశాను. చేత్తో వడికిన గొర్రె ఊలు.

ఊళ్లో పదకొండు మందిని అడిగాను. మా ఊరివాళ్లు పక్కింటి బిందె ఎత్తిపెడితే ఏడాది చెప్పుకుంటారు. ఏడు ఆవులను కాపాడి, దూడకు పురుడు పోసి నోరు మూసుకునే మనిషి మా ఊళ్లో ఇంకా పుట్టలేదు. నల్ల గొంగడి ఉన్నవాళ్లు ముగ్గురు. ఇద్దరు ఆ రోజు బొంరాస్‌పేటలో పెళ్లిలో ఉన్నారు. మూడో ఆయన మంచం దిగక ఏడాదైంది.

అమ్మకు అనుమానమే లేదు. "బావనే" అంది. నాన్నకు అన్న కాబట్టి ఆమెకు బావ.

నా దగ్గర బలమైన జవాబు ఉంది. ఆ కొక్కేలు విప్పడం పెద్దనాయనకు రాదు. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఆ మాటే చెప్పాను, గెలిచాననుకుంటూ.

అమ్మ అప్పుడు చెప్పింది.

"నువ్వు తాండూరు పోయినప్పుడల్లా కొట్టంకాడికి పోయెటోడు. లోపలికి పోలే, మాటన్నడు గద. బయట నిలవడి, బండల సందుల నుంచి చెయ్యి పెట్టి చుక్క కొక్కెం ఇప్పెటోడు. మల్ల పెట్టెటోడు. నేర్సుకుంటున్న మరదలా, ఆ పోరడు లేనప్పుడు అక్కరకొస్తది, వానికి చెప్పకు, నవ్వుతడు అన్నడు."

వెళ్లి చూశాను. బండల మధ్య సందు ఉంది. నా చెయ్యి మోచేతి దాకా పట్టింది. చుక్క గొలుసు వేళ్లకు అందింది. మిగతా ఆరూ అందలేదు.

ఆయనకు విప్పడం వచ్చనేది, ఆయనే విప్పాడనడానికి సాక్ష్యం కాదు. ఇది అమ్మకు చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. ఆయన పేరున కొలుపు పెట్టి మొక్కుదామంటే వద్దన్నాను. గని దగ్గర కొబ్బరికాయ కొట్టనివ్వలేదు. గొలుసులు మాత్రం తీసేశాను. ఇప్పుడు మళ్లీ పలుపు తాళ్లే, ఒక్క గుంజుకు విడిపోయే ముడులే. దీన్ని భక్తి అనుకోకండి. ఆపదలో క్షణంలో విడిపోనిది ఏదైనా తప్పు డిజైన్. ఆయన చెప్పింది సరైనది, నేను చేసింది తప్పు. ఈ మాట ఒప్పుకోవడానికి ఆయన దయ్యమై రావాల్సిన పని లేదు.

ఈ చలికి చుక్క మళ్లీ చూలుతో ఉంది. ఇరవై రోజులుగా నేను తాండూరు వెళ్లలేదు. మళ్లీ కప్పు వేసిన కొట్టంలోనే నా మంచం.

రిజిస్టరులో చుక్క పేజీ ఇంకా పూర్తి కాలేదు. సమయం అంచనాగా వేసి ఐదు గడులు నింపాను. ఆరో దాంట్లో బావ పేరు రాయమని అమ్మ పెన్ను చేతికిచ్చింది. తెలియనిది రాయను అన్నాను. పోనీ ఎవరూ లేరని రాయి అంది. అదీ రాయలేకపోయాను. ఆ దారానికి ముడి ఎవరో వేశారు.

మిగతా పేజీలన్నిటిలో ఆ గడిలో ఉన్నది నా పేరే. ఈ పేజీలో ఎవరి పేరు ఉండాలో నాకు తెలియదు. నాది కాదని మాత్రం తెలుసు.